ఉప్పుగాలికి నిలిచే సైకిల్ సామాను: విశాఖ రోడ్ల మీద చైను, బ్రేకు, టైరు పనితనం

విశాఖలో సైకిల్ కొనడానికి వచ్చినవాళ్ళు ముందు అడిగేది గేర్లెన్ని అని. అడగాల్సింది చైనుకి ఏ పూత ఉంది, చక్రం పుల్లలు (స్పోకులు) స్టెయిన్‌లెస్ స్టీలువేనా అని. ఒకే రోజు ఒకే షాపులో ఒకే మోడల్ కొని, ఒకటి లాసన్స్ బే కాలనీలో బాల్కనీలోనూ, ఇంకొకటి గోపాలపట్నంలో ఇంటి లోపలా పెట్టారనుకోండి, ఏడాది తిరిగేసరికి ఆ రెంటినీ పక్కపక్కన నిలబెడితే ఒకే సైకిలంటే నమ్మరు. బాల్కనీలో ఉన్నదానికి బోల్టు తలలు ఎర్రబడతాయి, కేబుల్ చివర్లు ఉబ్బుతాయి, సీటు రాడ్డు ఫ్రేములో బిగుసుకుపోతుంది.

వాన పడకపోయినా ఇదంతా ఎందుకు జరుగుతుందంటే, ఉప్పు గాలిలోని తేమను లాక్కుంటుంది. గాలిలో తేమ 75 శాతం దాటిందంటే లోహం మీద పేరుకున్న ఉప్పుపొర తనంతట తనే నీరు కారిపోతుంది. మన ఊళ్ళో రాత్రిపూట తేమ ఆ గీత దాటడం మామూలే. అంటే పగలంతా తొక్కిన సైకిల్ రాత్రి గోడకి ఆనించి ఉన్నప్పుడు కూడా తడిసే ఉంటుంది, అదీ ఉప్పునీళ్ళతో. అందుకే బెంగళూరులోనో హైదరాబాద్‌లోనో తీసిన వీడియోలు చూసి సామాను కొనేస్తే ఇక్కడ సగం లెక్క తప్పుతుంది.

ఇక్కడ చెప్పేది మామూలు వాడకం సైకిల్ సంగతి: రోజూ ఆఫీసుకో కాలేజీకో, ఆదివారం ఆర్కే బీచ్ నుంచి భీమిలి దాకా, అప్పుడప్పుడూ సింహాచలం ఘాట్. 700x35 (అంటే 35 మిల్లీమీటర్ల వెడల్పు) టైర్లు, వెనక ఏడో ఎనిమిదో గేర్లు ఉన్న హైబ్రిడ్, అంటే రోడ్డు సైకిల్‌కీ మౌంటెన్ బైక్‌కీ మధ్య రకం అనుకోండి. రేసు సైకిళ్ళ ముచ్చట చివర్లో కొంచెం.

ముందు చైను

డబ్బు ఎక్కువగా పోయేదీ ఇక్కడే, జాగ్రత్తపడితే మిగిలేదీ ఇక్కడే. కొత్త సైకిల్‌తో వచ్చే చైన్లు చాలావరకు గోధుమ రంగులోనో ముదురు బూడిద రంగులోనో, లోహపు పూత లేకుండా ఉంటాయి. ఫ్యాక్టరీలో పట్టించిన గ్రీజు ఉన్నన్నాళ్ళూ బాగానే ఉంటాయి. ఆ గ్రీజు పోయాక, బీచ్ రోడ్డు మీద ఒక్క వానలో తడిసి తుడవకుండా వదిలేస్తే మర్నాటి పొద్దున్నకే నారింజ రంగు తేలుతుంది. మార్చేటప్పుడు నికెల్ పూత ఉన్న వెండిరంగు చైను తీసుకోండి. కేఎంసీ చైన్లలో ఈపీటీ అని రాసి ఉన్నవాటికి తుప్పు పట్టకుండా ప్రత్యేకమైన పూత ఉంటుంది. సముద్రానికి దగ్గర్లో ఉండేవాళ్ళు ధర కొంచెం ఎక్కువైనా అదే తీసుకోవడం మంచిది. ఆరు, ఏడు, ఎనిమిది గేర్ల సైకిళ్ళకి ఒకే వెడల్పు చైను సరిపోతుంది. తొమ్మిదికి, పదికి, పదకొండుకి వేర్వేరు. షాపులో చైను అని మాత్రమే అడిగితే గేర్లు లేని సైకిల్‌కి వేసే వెడల్పాటి చైను చేతిలో పెట్టే ప్రమాదం ఉంది. వెనక పళ్ళ చక్రాలు ఎన్నో లెక్కపెట్టుకుని వెళ్ళండి.

పూత ఉన్నంత మాత్రాన చైను అరగదని కాదు. పూత పైపైన తుప్పుని ఆపుతుంది, అరుగుదల లోపల జరుగుతుంది. చైను ముక్కని వేళ్ళ మధ్య వంచి వెలుతురులో చూడండి. బయటి రేకుల మీద నారింజ చుక్కలు కనిపిస్తే కంగారుపడక్కర్లేదు, గుడ్డతో తుడిస్తే పోతాయి. లోపలి రేకుకీ రోలర్‌కీ మధ్య సన్నటి సందులోంచి ఎర్రటి పొడి రాలుతుంటే మాత్రం పిన్ను దగ్గర నూనె ఎండిపోయి ఇనుము ఇనుమునే తింటోందని అర్థం. పెడల్ వెనక్కి తిప్పినప్పుడు కింది చిన్న చక్రం దగ్గర చైను ఎక్కడైనా టక్కుమని ఎగిరితే, ఆ లింకు బిగుసుకుపోయింది. రెండు చేతుల బొటనవేళ్ళతో దాన్ని పక్కలకి మెల్లగా వంచి, ఒక చుక్క నూనె వేస్తే మామూలుగా వదులవుతుంది. నాలుగైదు లింకులు అలా ఉంటే ఆ చైను మీద ఆశ వదులుకోండి.

చైను సాగిపోయింది అంటారు గానీ, ఇనుము సాగదు. ఒక్కో పిన్ను దగ్గర వెంట్రుకవాసి అరిగి, అన్నీ కలిసి పొడవు పెరుగుతుంది. కొలవడానికి ప్రత్యేకమైన గేజి ఉంటే సరే, లేకపోతే అంగుళాలున్న స్టీలు స్కేలు చాలు. చైనుని బిగువుగా పట్టి, ఒక పిన్ను మధ్యకి సున్నా పెట్టండి. కొత్త చైనుకి 12 అంగుళాల గీత సరిగ్గా ఇంకో పిన్ను మధ్యలో పడుతుంది. ఆ పిన్ను గీత దాటి అంగుళంలో పదహారో వంతు, అంటే ఒకటిన్నర మిల్లీమీటర్ల పైన జరిగితే చైను మార్చాలి. ఎనిమిదో వంతు, అంటే మూడు మిల్లీమీటర్లు జరిగేదాకా ఆగితే వెనక పళ్ళ చక్రాల సెట్టు (ఫ్రీవీలో క్యాసెట్టో) కూడా పోయినట్టే. అరిగిన పళ్ళ మీద కొత్త చైను వేస్తే, ఎక్కువగా వాడే గేరులో నిలబడి తొక్కగానే జారుతుంది. చాలామంది కొత్త చైను బాగోలేదని షాపువాళ్ళతో గొడవ పెట్టుకునేది ఇక్కడే. తప్పు చైనుది కాదు, ఆలస్యానిది. పదకొండు, పన్నెండు గేర్ల సైకిళ్ళకి ఈ పదహారో వంతు, అంటే అర శాతం, అసలు దాటనివ్వకూడదు.

కొత్త చైను పొడవుకి పాతదాన్ని పక్కన పెట్టి కొలవకండి, పాతది అరిగి పొడుగైంది. లింకులు లెక్కపెట్టండి. పాత చైను లేకపోతే, ముందు పెద్ద చక్రం, వెనక పెద్ద చక్రం చుట్టూ, గేర్లు మార్చే డిరైలర్‌లోంచి పోనివ్వకుండా చుట్టి, చివర్లు కలిసే చోటుకి రెండు లింకులు కలపండి. కలపడానికి క్విక్ లింక్ (పిన్ను కొట్టకుండా కలిపే విడి లింకు) వాడండి. పిన్నుని లోపలికి కొట్టి కలిపిన చోట రేకు వదులై, ఎక్కేటప్పుడు చైను తెగేది ఎక్కువగా అక్కడే.

నూనె గురించి

దీని మీద ప్రతి ఆదివారం టెన్నేటి పార్కు దగ్గర చర్చ జరుగుతూనే ఉంటుంది. వాడకూడనివి ముందు చెప్పేస్తే సగం గొడవ తీరుతుంది. మోటార్‌సైకిల్ నుంచి తీసిన పాత ఇంజిన్ ఆయిల్‌లో మసి, సన్నటి లోహపు పొడి ఉంటాయి, అది సానరాయి పని చేస్తుంది. కుట్టుమిషన్ ఆయిల్ మరీ పలచన, ఒక్క వానకి ఉండదు. కొబ్బరినూనె కొన్నాళ్ళకి జిగురై దుమ్ముని పట్టేస్తుంది. మోటార్‌సైకిల్ చైన్ స్ప్రే చిక్కగా పైనే ఉండిపోతుంది, లోపలి పిన్ను దాకా పోదు, పైగా రుషికొండ దగ్గర రోడ్డు మీదికి కొట్టుకొచ్చే ఇసుక అంతా దానికే అంటుకుంటుంది. డబ్ల్యూడీ-40 తడిని తరిమేస్తుంది, తుప్పు వదిలిస్తుంది, కానీ చైనుకి నూనె కాదు. దానితో తుడిచి ఆపేస్తే ఉన్న నూనె కూడా కడిగేసినట్టు.

సైకిల్ చైను కోసమే చేసినవాటిలో మూడు రకాలు: వానకి త్వరగా కొట్టుకుపోని చిక్కటి వెట్ లూబ్, ఆరిపోయి పలచటి పొరగా మిగిలే డ్రై లూబ్, మైనంతో చేసిన వ్యాక్స్. కరిగించిన మైనంలో చైను ముంచేవాళ్ళు దాన్ని మించింది లేదంటారు. డిసెంబరు నుంచి మే దాకా వాళ్ళ మాట నిజమే. చైను చేతికి అంటదు, ఇసుక పట్టదు, అరుగుదల బాగా తగ్గుతుంది. అయితే మైనం తుప్పుని ఆపదు. ఒకసారి గట్టిగా తడిసి, ఆరబెట్టకుండా రాత్రంతా వదిలేస్తే పొద్దునకి లింకులు ఎర్రగా ఉంటాయి. జూన్ నుంచి నవంబరు దాకా, అంటే నైరుతి వానల్లోనూ, తర్వాత వచ్చే ఈశాన్య వానల్లోనూ, సముద్రం పక్కన రోజూ తొక్కేవాళ్ళకి వెట్ లూబే సరైనది. దానికి ఇసుక పడుతుంది, నిజమే. తుడుచుకోవాలి. ఇసుకని తుడవగలం, పిన్ను లోపలి తుప్పుని తుడవలేం.

వేసే పద్ధతిలోనే ఎక్కువమంది తప్పు చేస్తారు. చైను పైనుంచి ధారగా పోసేస్తారు. హైబ్రిడ్ చైనులో 110 అటూ ఇటూగా లింకులుంటాయి. క్విక్ లింక్ దగ్గర మొదలుపెట్టి, పెడల్ మెల్లగా వెనక్కి తిప్పుతూ, కింది వరస లోపలి వైపున ఒక్కో రోలర్‌కి ఒక్కో చుక్క వేయాలి. మొత్తం అయిదారు మిల్లీలీటర్లకి మించదు. ఇరవై ముప్ఫై చుట్లు తిప్పండి. వీలైతే రాత్రంతా వదిలేయండి, తొందరుంటే కనీసం పావుగంట. తర్వాత పాత బనీను గుడ్డతో చైనుని పట్టుకుని, గుడ్డ మీద నల్లటి చార పడనంత వరకు తుడవండి. బయట కనిపించే నూనె దేనికీ పనికిరాదు, దుమ్ముని పిలవడానికి తప్ప. కొత్త రకం నూనెకి మారేటప్పుడు పాతది పూర్తిగా కడగాలి. వ్యాక్స్‌కి మారేటప్పుడు మరీ ముఖ్యం: ఫ్యాక్టరీ గ్రీజు మిగిలి ఉంటే మైనం పట్టదు. చైను ఊడదీసి మూత ఉన్న సీసాలో టర్పెంటైన్ పోసి ఊపి, నల్లదనం పోయేదాకా రెండు మూడుసార్లు మార్చండి. స్టవ్వుకి దూరంగా, గాలి ఆడే చోట చేయండి.

ఎంత తరచుగా అంటే, వానాకాలంలో తడిసిన ప్రతిసారీ తుడవాలి, వారానికోసారి వేయాలి. పోర్టు వైపు, కాన్వెంట్ జంక్షన్ మీదుగా రోజూ వెళ్ళేవాళ్ళకి నల్లటి దుమ్ము తోడవుతుంది కాబట్టి తుడవడం ఇంకా ఎక్కువ ఉండాలి, నూనె ఇంకా తక్కువ ఉండాలి.

బ్రేకులు, ఘాట్ దిగేటప్పుడు

మనిషి, సైకిల్, బ్యాగు కలిపి 85 కిలోలు అనుకుంటే, 200 మీటర్ల ఎత్తు దిగేసరికి వదలాల్సిన శక్తి అర లీటరు నీళ్ళని మరిగించేటంత ఉంటుంది. కొంత గాలి తీసుకుంటుంది. మిగతాదంతా ప్యాడ్లకీ, రిమ్ముకో (చక్రం అంచు) డిస్కుకో (చక్రం మధ్యలో బిగించే బ్రేకు పళ్ళెం) పోవాల్సిందే. సింహాచలం కొండ దిగేటప్పుడే ఇలా ఉంటే, అనంతగిరి నుంచి శృంగవరపుకోట వైపు దిగడం సంగతి చెప్పక్కర్లేదు. దారి పొడవునా బ్రేకు మీద వేళ్ళు ఆనించి దిగితే రిమ్ బ్రేకు సైకిళ్ళలో రిమ్ము కాలి, లోపలి ట్యూబు పేలిపోయే అవకాశం ఉంది. డిస్కు బ్రేకులో ప్యాడ్ల ముఖం అద్దంలా మెరిసి, పట్టు పోయి, కీచుమంటుంది. మలుపుకి ముందు రెండు బ్రేకులూ కలిపి గట్టిగా నొక్కి వేగం తగ్గించి, మళ్ళీ పూర్తిగా వదిలేయాలి. వదిలిన ఆ నాలుగు క్షణాల్లోనే లోహం చల్లబడుతుంది.

ఈ ఊరికి డిస్కు మేలా, రిమ్ బ్రేకు మేలా అంటే డిస్కే మేలు. వానలో తడిసిన రిమ్ము మీద రబ్బరు కాసేపు జారుతుంది, పైగా ఇసుక ప్యాడ్‌లో గుచ్చుకుని అల్యూమినియం రిమ్ముని గీసేస్తుంది. రిమ్ బ్రేకు వాడేవాళ్ళు నెలకోసారి ప్యాడ్లు విప్పి, సూదితో ఇసుక రేణువులు, మెరిసే అల్యూమినియం ముక్కలు తీసేసి, ఉప్పుకాగితంతో ముఖం గరుకు చేయాలి. రిమ్ము పక్క గోడ వేలికి పల్లంగా తగులుతుంటే రిమ్ము మార్చే రోజు వచ్చినట్టే. ఆగితే టైరు గాలి ఒత్తిడికి గోడ చీలుతుంది.

డిస్కుల్లో కేబుల్‌వి, ఆయిల్‌వి రెండూ ఉన్నాయి. సముద్రం పక్కన ఆయిల్ బ్రేకు బాగా నిలుస్తుంది, ఎందుకంటే తుప్పు పట్టడానికి కేబులే లేదు. షిమానో ఎంటీ200 లాంటి చవక ఆయిల్ బ్రేకు కూడా రెండు వేళ్ళతో ఘాట్ దింపేస్తుంది. అయితే దానిలో మినరల్ ఆయిలే పోయాలి. ఆ సంగతి తెలియని చోట ఎవరైనా మోటార్‌సైకిల్ బ్రేకుకి వాడే డాట్ ఆయిల్ పోస్తే లోపలి రబ్బరు సీళ్ళు ఉబ్బి బ్రేకు మొత్తం పోతుంది. సర్వీసుకి ఇచ్చేటప్పుడు నోటితో చెప్పి, చీటీ మీద రాయించండి. కేబుల్ డిస్కు ఉన్నవాళ్ళు గుర్తుంచుకోవాల్సింది: చాలా మోడళ్ళలో బయటి ప్యాడ్ మాత్రమే కదులుతుంది, లోపలిది స్థిరం. లివర్ హ్యాండిల్ దాకా వస్తుంటే కేబుల్ బిగించేయడం తప్పు. ముందు లోపలి ప్యాడ్‌ని దాని స్క్రూతో డిస్కు దగ్గరకి జరపాలి, తర్వాతే కేబుల్. లేకపోతే డిస్కు ప్రతిసారీ ఒక పక్కకి వంగుతూ ఉంటుంది.

ప్యాడ్ల ఎంపికలో ఒక్క మాట. మెటల్ ప్యాడ్లు ఎక్కువ కాలం వస్తాయి, వానలో ఇసుకకి తట్టుకుంటాయి, చప్పుడు ఎక్కువ. కొనే ముందు డిస్కు మీద సన్నటి అక్షరాలు చదవండి. రెజిన్ ప్యాడ్ ఓన్లీ అని ఉంటే ఆ ఉక్కు మెత్తనిది, మెటల్ ప్యాడ్ దాన్ని త్వరగా తినేస్తుంది. షిమానో డిస్కు కొత్తప్పుడు 1.8 మిల్లీమీటర్ల మందం, 1.5 కి వస్తే మార్చాలి. ప్యాడ్ మసాలా అర మిల్లీమీటరుకి వస్తే మార్చాలి. కొత్త ప్యాడ్లు వేశాక బీచ్ రోడ్డు లాంటి చదును దారిలో ఇరవై కిలోమీటర్ల వేగం నుంచి నడక వేగానికి ఓ ఇరవైసార్లు తగ్గించండి. ఆ పని చేయకుండా నేరుగా ఘాట్‌కి వెళితే ప్యాడ్ అద్దంలా మెరిసిపోతుంది. చైనుకి స్ప్రే కొట్టేటప్పుడు డిస్కు మీద కవరు కప్పండి. ఒక్క తుంపర పడినా ప్యాడ్ నూనె పీల్చేస్తుంది, తర్వాత ఎంత తుడిచినా అరుపు ఆగదు.

కేబుల్స్‌కి లోపలి తీగ స్టెయిన్‌లెస్‌ది అడగండి, ధరలో తేడా స్వల్పం. పైగొట్టాల్లో బ్రేకుది అయిదు మిల్లీమీటర్లు, లోపల స్ప్రింగులా చుట్టిన ఉక్కు. గేరుది నాలుగు మిల్లీమీటర్లు, లోపల నిలువుగా పేర్చిన తీగలు. గేరు గొట్టం మిగిలింది కదా అని బ్రేకుకి వేస్తే, గట్టిగా పట్టినప్పుడు ఆ నిలువు తీగలు విచ్చుకుపోయి బ్రేకు ఒక్కసారిగా వదిలేస్తుంది. చవక సర్వీసుల్లో ఈ పొరపాటు కనిపిస్తుంది, తిరిగి తెచ్చుకునేటప్పుడు మందం చూసుకోండి.

టైర్లు

గాజువాక, కూర్మన్నపాలెం వైపు జాతీయ రహదారి మీద పంక్చర్లకి గాజుముక్కల కంటే పెద్ద కారణం లారీ టైర్లు. అవి చిరిగినప్పుడు లోపలి ఉక్కు తీగలు వెంట్రుకల్లా విడిపోయి, రోడ్డు అంచున పడి ఉంటాయి. టైరులో దిగిన తీగ బయటికి కనిపించదు. ట్యూబు అతికించి ఎక్కించగానే మళ్ళీ అదే చోట గాలి పోతుంది, అతుకు బాగోలేదని షాపుని తిట్టుకుంటాం. టైరు లోపల ఒక దూది ఉండ తిప్పండి, తీగ ఉన్న చోట దూది పీచు చిక్కుకుంటుంది. పట్టకారుతోనో గోళ్ళు కత్తిరించే కట్టర్‌తోనో బయటికి లాగేయాలి. టైరు ఎక్కించేటప్పుడు దాని పేరు రాసిన చోటు వాల్వ్ దగ్గరికి వచ్చేలా పెట్టుకుంటే, ట్యూబులో రంధ్రం కనబడగానే టైరులో ఎక్కడ వెతకాలో తెలుస్తుంది. రంధ్రాలు పక్కపక్కన జంటగా ఉంటే గాలి తక్కువై గతుకులో రిమ్ము కొరికింది. రంధ్రం ట్యూబు లోపలి వైపు, రిమ్ముకి ఆనే చోట ఉంటే రిమ్ టేపు జరిగింది.

ఈ దారుల్లో రోజూ తిరిగేవాళ్ళకి ష్వాల్బే మారథాన్ ప్లస్ లాంటి టైరు పెట్టుబడికి తగ్గ ఫలితం ఇస్తుంది. రోడ్డుకి ఆనే భాగం కింద అయిదు మిల్లీమీటర్ల మెత్తటి రక్షణ పొర ఉంటుంది, మామూలు మారథాన్‌లో అది మూడు మిల్లీమీటర్లు. లోపం దాని బరువు. 700x35 కొలతలో ఒక్కోటి 900 గ్రాముల దగ్గర ఉంటుంది, తొక్కేటప్పుడు కొంచెం మొద్దుగా అనిపిస్తుంది, మొదటిసారి రిమ్ముకి ఎక్కించడానికి చేతులు నొప్పెడతాయి. బీచ్ రోడ్డు తప్ప ఎక్కడికీ వెళ్ళనివాళ్ళకి అంత అవసరం లేదు, మామూలు మారథానో, మన దేశపు మంచి టైరో చాలు.

గాలి విషయంలో, 65 కిలోల మనిషికి 35 టైరులో ముందు 50, వెనక 60 పీఎస్ఐ మంచి మొదలు. టైరు గోడ మీద రాసిన పైహద్దు దాటకూడదు. పెట్రోలు బంకులో గాలి పెట్టించవద్దు, అక్కడి ఒత్తిడికి సైకిల్ ట్యూబు రెండు సెకన్లలో నిండిపోతుంది. సన్నటి ప్రెస్టా వాల్వ్ ఉన్నవాళ్ళు చిన్న ఇత్తడి అడాప్టర్ ఒకటి వాల్వ్‌కే తగిలించి ఉంచుకోండి, లేకపోతే రోడ్డు పక్క పంక్చరు షాపు పంపు పట్టదు. ఇంట్లో మీటరు ఉన్న నిలువు పంపు ఒకటి ఉండాలి. హెల్మెట్ తర్వాత కొనాల్సిన మొదటి వస్తువు అదే.

గేర్లు, సస్పెన్షన్, చక్రాలు

21 గేర్లు అనేది బోర్డు మీద రాసుకునే మాట. ముందు మూడు, వెనక ఏడు, సగం ఒకదానితో ఒకటి కలిసిపోతాయి. చూడాల్సింది అన్నిటికంటే తేలికైన గేరు ఏది అని. ముందు 28 పళ్ళు, వెనక 28 అయితే పెడల్ ఒక చుట్టుకి చక్రం సుమారు 2.17 మీటర్లు వెళుతుంది. వెనక 34 అయితే 1.79 మీటర్లు. నిమిషానికి 60 చుట్ల లెక్కన మొదటిదాంతో గంటకి 7.8 కిలోమీటర్ల వేగం తప్పనిసరి, రెండోదాంతో 6.4 తో సరిపెట్టుకోవచ్చు. కైలాసగిరి ఎక్కేటప్పుడు దిగి నడవడానికీ, కూర్చుని తొక్కడానికీ తేడా ఆ ఆరు పళ్ళే.

ఏడు గేర్ల సైకిళ్ళలో ఎక్కువగా ఉండేది హబ్బుకి మరతో బిగించే ఫ్రీవీల్. దానిలో కుడివైపు బేరింగు ఫ్రేము అంచుకి దూరంగా లోపల ఉంటుంది, ఇరుసు చివర ఆధారం లేకుండా మిగులుతుంది. బరువైన మనిషి గతుకుల్లో తొక్కితే ఇరుసు వంగుతుంది, కొన్నాళ్ళకి విరుగుతుంది. ఎనిమిది గేర్ల క్యాసెట్ హబ్బులో బేరింగు అంచు దాకా వస్తుంది. 80 కిలోలు దాటినవాళ్ళు గేర్ల లెక్క మానేసి ఈ ఒక్కటీ చూసుకుంటే చాలు.

ముందు సస్పెన్షన్ వద్దు. చవక స్ప్రింగు ఫోర్కు రెండు కిలోలు దాటుతుంది, దాని క్రోము గొట్టాల మీద ఉప్పుకి చిన్న గుంటలు పడి, అవి సీళ్ళని కోసేస్తాయి. తర్వాత అది కదలదు, బరువు మాత్రం మిగులుతుంది. గట్టి ఫోర్కు, 38 లేక 40 టైర్లు అదే పని మెరుగ్గా చేస్తాయి.

పుల్లలు స్టెయిన్‌లెస్ అని తేల్చుకోవడానికి తెలుపు, మెరుపు చూసి నమ్మకండి, జింకు పూత కూడా కొత్తలో మెరుస్తుంది. కొన్నాళ్ళకి బూడిద రంగుకి తిరిగి, తెల్లటి పొడి రాలితే జింకే. వెనక చక్రంలో గేర్ల వైపు పుల్లలు ముందు తెగుతాయి, ఎందుకంటే అటు బిగువు ఎక్కువ. ఒకటి తెగితే మార్చి బెండు తీయించుకోవచ్చు. నెలలో మూడు తెగాయంటే ఆ వైపు పుల్లలన్నీ అలసిపోయాయి, మొత్తం కొత్తవి అల్లించడమే చవక. సీటు రాడ్డు మూడు నెలలకోసారి బయటికి తీసి, తుడిచి, గ్రీజు రాసి పెట్టండి. ఉక్కు ఫ్రేములో అల్యూమినియం రాడ్డు ఉప్పుతడికి ఎంత గట్టిగా పట్టుకుంటుందంటే, చివరికి రంపంతో కోయాల్సి వస్తుంది.

రేసు సైకిల్ కొనాలనుకునేవాళ్ళకి

అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య రేసు సైకిల్‌కి పెట్టిన కనీస బరువు 6.8 కిలోలు. దాని దగ్గరికి రావడానికి లక్షలు పెట్టేవాళ్ళు ఉన్నారు. మనిషితో కలిపి 85 కిలోల్లో ఒక కిలో తగ్గితే, అరగంట ఘాట్‌లో మిగిలేది ఇరవై సెకన్లు. వేసవిలో నైరుతి గాలి భీమిలి వెళ్ళేటప్పుడు వెనకనుంచి తోసి, తిరిగొచ్చేటప్పుడు ఎదురై ఆపేస్తుంది. అక్కడ బరువు కాదు, గాలికి ఎదురయ్యే ఒళ్ళు తక్కువ చేసుకోవడం, అంటే హ్యాండిల్ వంపుల్లో చేతులు పెట్టి మోచేతులు వంచి కూర్చోగలగడం పనికొస్తుంది. ఆ ఫిట్టింగుకి ఖర్చు పెట్టండి. 23 టైర్ల కాలం పోయింది, ఫ్రేములో పడితే 28 వేయండి. 200 కిలోమీటర్ల బ్రెవే (గడువులోపు ముగించాల్సిన దూరప్రయాణం) పదమూడున్నర గంటల్లో ముగించాలి, ఆగినవన్నీ కలిపి గంటకి పదిహేను కిలోమీటర్లు కూడా అక్కర్లేదు. దానికి హైబ్రిడ్ సరిపోతుంది, పంక్చరు కాకుంటే చాలు.

సర్వీసు

ఊళ్ళో షాపుల్లో పనితనం మనిషిని బట్టి మారుతుంది గానీ బోర్డుని బట్టి కాదు. ఇచ్చే ముందు మూడు ప్రశ్నలు అడగండి. నీళ్ళ జెట్టుతో కడుగుతారా? అవునంటే వద్దని చెప్పండి. ఆ ఒత్తిడికి నీళ్ళు సీళ్ళు దాటి హబ్బులోకి, పెడళ్ళ మధ్య బేరింగులోకి పోతాయి, గ్రీజు తెల్లటి పేస్టుగా మారి నెలలో గోళీలు గరగరమంటాయి. బకెట్టు నీళ్ళు, గుడ్డ, బ్రష్షు చాలు. హబ్బులు విప్పి గ్రీజు మారుస్తారా, లేక బయటినుంచి నూనె కొడతారా? మామూలు హబ్బులో వెనక ఒక్కో వైపు తొమ్మిది పావు అంగుళం గోళీలు, ముందు ఒక్కో వైపు పది సన్నవి ఉంటాయి. విప్పితే గోళీలన్నీ కొత్తవి వేయించండి, పెద్ద ఖర్చు కాదు. గ్రీజు నీళ్ళకి తట్టుకునేది అడగండి, బోట్లకి వాడే మెరైన్ గ్రీజు దొరికితే మరీ మంచిది. అక్టోబరు వానలకి ముందు ఒకసారి ఈ పని చేయిస్తే ఏడాది నిశ్చింత. మూడోది, హెడ్‌సెట్, అంటే హ్యాండిల్ మెడలోని బేరింగులు చూస్తారా?

తెచ్చుకునేటప్పుడు షాపు ముందే చూసుకోండి. ముందు బ్రేకు పట్టి సైకిల్‌ని ముందుకీ వెనక్కీ ఊపితే హ్యాండిల్ మెడ దగ్గర టకటక రాకూడదు. రెండు చక్రాలూ పైకెత్తి తిప్పితే ప్యాడ్‌కి రాసుకోకూడదు, చేత్తో పక్కకి ఊపితే ఆట ఉండకూడదు. పెడల్ క్రాంకుని పక్కకి లాగితే కదలకూడదు. అన్ని గేర్లూ ఒక్కోసారి ఎక్కించి దింపండి, ముఖ్యంగా వెనక పెద్ద చక్రం మీదికి ఎక్కాక చైను పుల్లల్లో పడకుండా ఆగుతోందో లేదో. చైనుని అక్కడ ఆపే డిరైలర్ స్క్రూ తప్పుగా ఉంటే ఘాట్ మధ్యలో చైను వెళ్ళి పుల్లల్లో ఇరుక్కుంటుంది, డిరైలర్ చక్రంలోకి మడతపడుతుంది. బిల్లులో మార్చిన సామాను పేరు, పాత సామాను రెండూ అడిగి తీసుకోండి. పాత చైను చేతికిస్తే ఇంటికొచ్చి స్కేలు పెట్టి చూడండి.